గాదె కింద చరిత్ర

రాజ్యానికి వచ్చే ఆపదలను మన పెద్దలు ఆరుగా లెక్కగట్టి ఈతిబాధలన్నారు. అతివృష్టి, అనావృష్టి, మిడతలు, చిలుకలు, పొరుగురాజుల దండయాత్ర, వీటితోపాటు ఎలుకలు. వరదకూ శత్రుసైన్యానికీ సరిసమానంగా గుప్పెడంత జంతువును నిలబెట్టినవాళ్లు గాదె అడుగు చూసుకున్నవాళ్లే అయ్యుంటారు. వరద వచ్చి పోతుంది. సైన్యం దోచుకుని వెళ్లిపోతుంది. ఎలుక కాపురం పెడుతుంది.

ఆ కాపురాన్ని ఎత్తివేయించడానికి రెండు వేల ఏళ్లుగా మనుషులు పడిన పాట్లను వెనక్కి తిరిగి చూస్తే నాకు కనబడేది ఒకటే. ఎలుక మారలేదు, ధాన్యం పెట్టుకునే చోటు మారుతూ వచ్చింది. గింజ ఇంట్లో ఎక్కడుంది, ఎంత ఎత్తున ఉంది, దేంట్లో ఉంది అన్నదాన్నిబట్టే ప్రతి తరంలోనూ గెలుపోటములు తేలాయి. బోనులూ మందులూ ఆ తరవాతి మాట. ఈ వరసను మనం తలకిందులు చేసుకుని ఇంకా వందేళ్లు కూడా కాలేదు.

ముందు శత్రువును పోల్చుకోవాలి. పల్లెటూరి ఇంటి ఆవరణలో తిరిగేవన్నీ ఒక జాతివి కావు. వంటింట్లో, బట్టల పెట్టెలో, దేవుడి గూట్లో కనిపించే చిట్టెలుక పదిహేను, ఇరవై గ్రాములు తూగుతుంది. పెన్సిలు దూరే సందు, అంటే పావంగుళం ఉంటే లోపలికొచ్చేస్తుంది. నీళ్లు దొరక్కపోయినా తిండిలోని తేమతోనే నెట్టుకొస్తుంది. దూలాల మీద, అటక మీద రాత్రంతా పరుగులు తీసేది నల్ల ఎలుక. తాళ్లూ చెట్లూ ఎక్కడంలో దిట్ట కాబట్టి కొబ్బరితోటల్లో కాయలు కొరికేదీ అదే. పశువుల పాక గోడ కింద, గడ్డివామి అడుగున మట్టి కుప్పలుగా తోడిపోసేవి పందికొక్కులు. వీటిలో పెద్దరకం కిలో దాకా పెరుగుతుంది. చిన్నరకం పొలంలోనూ ఇంట్లోనూ రెండుచోట్లా సంసారం చేస్తూ, వరికంకులు కోసుకుపోయి కలుగులో దాచుకుంటుంది. వరిరైతు గుండె మీద కుంపటి ఈ చిన్నరకమే. ఇవికాక చుంచు ఒకటుంది. కీచుమంటూ గోడవారగా పోయే ఆ పొడుగుమూతి జంతువు అసలు ఎలుక జాతే కాదు, బొద్దింకలనూ పురుగులనూ తిని బతుకుతుంది. పాపం, ఎలుకల లెక్కలో పడి చీపురు దెబ్బలు తింటోంది.

స్వభావాల్లోనూ తేడా ఉంది. చిట్టెలుకకు కుతూహలం ఎక్కువ, కొత్త వస్తువు కనబడితే ఆ రాత్రే మూతి పెట్టి చూస్తుంది. పెద్ద ఎలుకకు అనుమానం ఎక్కువ, నిన్న లేని వస్తువు దారిలో ఉంటే రోజుల తరబడి చుట్టు తిరిగిపోతుంది. రెండు రాత్రులు బోను ఖాళీగా ఉందని దాన్ని అటకెక్కించేసేవాళ్లు ఓడిపోయేది ఈ తేడా తెలియకే. ఇక సంతానం సంగతి. చిట్టెలుక మూడు వారాలు మోసి ఐదారు పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు నెలన్నరకల్లా ఈడుకొస్తాయి. సంక్రాంతికి ఒక జంటను చూసి ఊరుకున్నవాడికి ఉగాదికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కౌటిల్యుడు ఈ లెక్క ఎరిగినవాడు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో అగ్ని, వరద, రోగం, కరువుల సరసన ఎలుకల బెడదనూ పెట్టి విరుగుళ్లు చెప్పాడు. పిల్లుల్నీ ముంగిసల్నీ వదలాలి. వాటిని పట్టినా చంపినా పన్నెండు పణాల జరిమానా. జెముడు పాలు పట్టించిన ధాన్యం చల్లాలి. అవసరమైతే మూషిక పన్ను వేయాలి. శాంతులు చేయించాలి, పర్వదినాల్లో ఎలుకలకు పూజ కూడా చేయించాలి. విషమూ పూజా ఒకే ఊపిరిలో చెప్పినందుకు నవ్వుకోనక్కర్లేదు. వినాయకచవితినాడు స్వామి వాహనానికి దండం పెట్టి, ఆ రాత్రే బోనులో కాల్చిన కొబ్బరిముక్క కట్టే ఇళ్లు మనకు తక్కువేం కాదు. నాకు మాత్రం ఆ జరిమానా మీదే గురి. ఎలుకను చంపడంకంటే ఎలుకను చంపేవాటిని కాపాడటం ముందు రాశాడాయన.

ఆ తరవాతి పాఠం పంచతంత్రంలో ఉంది. చిన్నయసూరి 1853లో అచ్చువేయించిన నీతిచంద్రిక బడిపిల్లల చేతికి వచ్చాక తెలుగునాట హిరణ్యకుణ్ని ఎరగని చదువరి లేడు. సన్యాసి భిక్షాన్నం చిలుకకొయ్యకు తగిలిస్తే ఎగిరి తినిపోయే ఎలుక అది. సన్యాసి కర్రతో చప్పుడు చేస్తూ కూర్చుంటాడు, దానికి లెక్కే లేదు. చుట్టపుచూపుగా వచ్చిన ఇంకో సన్యాసి, ఇంత చిన్న జంతువుకు ఇంత సత్తువ ఎక్కణ్నుంచి వచ్చిందని ఆలోచించి, కన్నం తవ్వించి దాచుకున్నదంతా లాగేయిస్తాడు. అంతే, మర్నాటినుంచి దానికి ఎగరడానికే ఓపిక లేదు. కథకుడు చెప్పదలచింది ధనం గురించే అయినా, గింజల నిల్వ మీద ఇంతకన్నా సూటైన పాఠం నేను చదవలేదు. చెవికి వినబడని ధ్వనితో ఎలుకల్ని తరిమేస్తామంటూ ప్లగ్గులో పెట్టుకునే యంత్రాలు ఇప్పుడు అమ్ముతున్నారు. నాలుగురోజులు బెదిరి, ఐదోరోజు దాని పక్కనే గింజలు నములుతుంది ఎలుక. ఆ సన్యాసి కర్రకూ ఈ యంత్రానికీ కరెంటు బిల్లొక్కటే తేడా.

పాత ఇళ్ల దగ్గరికి వద్దాం. కోస్తాలో ధాన్యం గాదెల్లోనూ పురుల్లోనూ ఉండేది. వెదురు తడిక అల్లి, లోపలా బయటా మట్టీ పేడా మెత్తి, రాతి దిమ్మెల మీద నిలబెట్టి, పైన తాటాకు కప్పితే గాదె. తెలివంతా ఆ దిమ్మెల్లో ఉంది. గాదె అడుగున వెలుతురు ఆడుతుంది, కుక్క దూరుతుంది, పిల్లి పొంచి ఉంటుంది, పందికొక్కు కొత్తగా మట్టి తోడితే ఆ పూటే కళ్లబడుతుంది. పురి సంగతి వేరు. వరిగడ్డితో పేనిన లావుపాటి వెంటిని చుట్టూ తిప్పుకుంటూ మధ్యలో ధాన్యం పోసుకుంటూ పైకి తెచ్చిన కట్టడం అది. పైసా ఖర్చు లేకుండా లేస్తుంది, నిజమే. కానీ ఎలుకకు గూడు గడ్డిలో, తిండి గింజలో, రెండూ ఒకే కప్పు కింద. నెలలు గడిచేకొద్దీ పురి యజమానికంటే ఎలుకలకే ఎక్కువ అక్కరకొచ్చేది.

తెలంగాణ ఇళ్లలో వడ్లకు గుమ్ములుండేవి. వెదురుతో అల్లి పేడతో అలికిన ఈ పెద్ద బుట్టలకు మూతా, అడుగున ఎత్తూ ఉంటే భద్రమే. అలుకు పెచ్చులూడిన చోట మాత్రం చిట్టెలుక పళ్లకు వెదురు ఒక లెక్క కాదు. అసలైన కోట జొన్నల పాతర. రాయలసీమ, తెలంగాణ మెట్ట ఊళ్లలో నీరు ఊరని గట్టినేల చూసి, మనిషి దిగేంత లోతు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, నోరు మూసి పైన మట్టి కప్పేసేవారు. లోపల గింజ తీసుకునే శ్వాసతోనే గాలిలో ప్రాణవాయువు తరిగిపోతుంది, పురుగూ బతకదు, ఎలుకా బతకదు. పాతర తీసినరోజు వెంటనే మనిషిని దించకూడదన్న కట్టడి అందుకే. ముందు దీపం దించి అది నిలుస్తుందో ఆరుతుందో చూసేవారు. గాలి చొరని ప్లాస్టిక్ సంచుల్లో ధాన్యం దాచమని ఈనాడు పరిశోధకులు చెబుతున్నది ఈ సూత్రమే. మన ముత్తాతలకు ఆ సంచి ఊరి నేలలోనే ఉండేది.

వంటింట్లో ఉట్టి. పాలూ పెరుగూ వెన్నా గాలిలో వేలాడేవి. మిరపకాయలూ పప్పులూ కాగుల్లో, మూతమీద రాయి. ఇక నేల అలకడం. పేడతో అలికిన మట్టినేల మీద రాత్రికి రాత్రి పడ్డ కన్నం తెల్లారేసరికి తెలిసిపోతుంది. అలికే ఆడవాళ్లే ఆ ఇంటికి గస్తీ. కన్నం కనబడగానే కుండపెంకులూ గాజుపెంకులూ కూరి మట్టి మెత్తేవాళ్లు. ఈ చాకిరీని ఎలుకల నివారణ కింద ఏ చరిత్రా జమ కట్టలేదు గాని, గాదె కాపాడినంత ధాన్యం వాళ్ల చేతులూ కాపాడి ఉంటాయి.

పాతకాలమంతా బంగారమని చెప్పబోవడంలేదు. తాటాకు కప్పూ మట్టిగోడా ఎలుకకు అత్తారిల్లే. గింజ ఉన్న ఇంటికి గడ్డివామి ఆనుకుని ఉంటే, వామిలో ఈనిన పిల్లలన్నీ ఇంట్లోకే. అప్పుడు రైతు కబురు పెట్టింది ఎవరికి? ఈ వృత్తాంతంలో నేను కాస్త ఆగాలనుకున్న చోటు ఇదే.

అమరావతి శిల్పాలను 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చినవాడిగా వాల్టర్ ఇలియట్ పేరు మనకు తెలుసు. ఆ మద్రాసు సివిలు ఉద్యోగికి జంతువుల మీదా మక్కువే. అంతకుముందు దక్షిణ మహారాష్ట్ర దేశంలో, అంటే ధార్వాడ ప్రాంతంలో పనిచేసినప్పుడు చూసిన క్షీరదాల మీద 1839లో ఒక జాబితా ప్రచురించాడు. 1826లో వానలు తప్పాక నల్లరేగడి చేలల్లో ఎలుకలు ఎలా విరుచుకుపడ్డాయో అందులో రాశాడు. చల్లిన విత్తనం చల్లినట్టే తినేశాయట. మిగిలింది పండితే జొన్నకర్రలెక్కి కంకులు కొరికేశాయట. శిస్తు కట్టలేని స్థితికి వచ్చిన రైతులు ఒడ్డెవాళ్లను పిలిపించారు. చెరువులు తవ్వే పనికి దక్షిణాదంతా తిరిగిన ఈ ఒడ్డెరలు ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లు. ఇన్ని డజన్ల ఎలుకలకు ఇంత గింజ అని కూలి. వేలకు వేలు చంపారు, అయినా తగ్గినట్టు కనబడలేదు. మామూలు ఏళ్లలో ఈ ఒడ్డెరలే పందికొక్కుల కలుగులు తవ్వి, అందులో దాచిన గింజ మీద సుగ్గికాలమంతా గడుపుకొనేవారనీ, ఒక్కో కలుగులో అరశేరు దాకా దొరికేదనీ ఇలియట్ రాశాడు. పంట పండించినవాడు పోగొట్టుకున్న గింజను, పొలమే లేనివాడు ఎలుక దగ్గర వసూలు చేసుకునేవాడన్నమాట.

నెల్లూరు, గుంటూరు, ప్రకాశం వైపు ఈ విద్య యానాదులది. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాలు-తెగల సంపుటాల్లోనూ వాళ్లు ఎలుకలకు పొగపెట్టే పద్ధతి నమోదైంది. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కుండ మూతి కలుగుకు ఆనించి, చిల్లిలోంచి నోటితో ఊదుతారు. దీన్నే ఊదర పెట్టడం అంటారు. కలుగుకు ఉన్న తక్కిన నోళ్లన్నీ ముందే మూసి, ఒక్కటి వదిలి, అక్కడ ఒకడు కాచుకుంటాడు. చూస్తే మోటు పనిలా ఉంటుంది గాని, ఏ కలుగులో ఎలుక ఉంది, ఏది ఖాళీ, ఎన్ని నోళ్లున్నాయి, తల్లి ఎటు పారిపోతుంది అన్నవి మట్టి తీరు చూసి చెప్పగలగాలి. డెల్టాలో వెదురుతోనూ తాటాకుతోనూ చేసిన వింటిబద్ద బుట్టలు కూడా పెట్టేవారు, ఇప్పటికీ పెడుతున్నారు. సాయంత్రం గట్ల వెంట వందల బుట్టలు పెట్టి, తెల్లారి ఏరుకుంటారు. పక్షికీ పశువుకూ పసిబిడ్డకూ వాటివల్ల హాని లేదు. కూలి తోకల లెక్కన. 1826లో డజన్ల లెక్క, ఇప్పుడు తోకల లెక్క. రెండు వందల ఏళ్లలో చేలు మారాయి, విత్తనాలు మారాయి, ఆ పనికి ఇచ్చే మర్యాద మాత్రం అంతే ఉంది. నెలజీతం మీద ఊరికొక ఎలుకల మనిషిని పెట్టుకుందామని ఏ గ్రామసభలోనూ తీర్మానం జరిగినట్టు నేను వినలేదు.

ధాత కరువు (1876–78) వెంటనే బొంబాయి దక్కన్ జిల్లాల మీద మరోసారి ఎలుకలు విరుచుకుపడ్డాయి. వాన లేని ఏళ్ల తరవాత ఒక్క మంచి వాన పడితే ఇలా అవుతుందని అప్పటికే రైతుకు తెలుసు. శత్రువులైన పాములూ నక్కలూ కరువులో పలచబడతాయి, ఎలుక ముందుగా కోలుకుంటుంది.

అప్పటిదాకా ఎలుక అంటే గింజల దొంగ. 1896లో బొంబాయిలో ప్లేగు దిగాక ప్రాణాంతకమైంది. పాతికేళ్లలో దేశంలో కోటి మందికి పైగా పోయారు. నిజాం రాజ్యంలోకీ, బళ్లారి మీదుగా సీమలోకీ వచ్చింది. ఎలుక మీది గోమారే రోగాన్ని మనిషికి ఎక్కిస్తోందని 1898లో కరాచీలో పనిచేస్తూ పాల్ లూయీ సిమోన్ చెప్పినప్పుడు వైద్యలోకం నమ్మలేదు. తరవాత ప్లేగు పరిశోధనా కమిషన్ ప్రయోగాలు దాన్నే రుజువు చేశాయి. పల్లెజనం సిద్ధాంతం కోసం కాచుకోలేదు. ఎలుకలు దూలాల మీంచి రాలుతున్నాయంటే ఇల్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. ఎలుక చచ్చిన ఇంట్లో ఉండకూడదన్నది దక్కన్ పల్లెలకు అనుభవం మీద వచ్చిన జ్ఞానం. హైదరాబాదు కూడా 1911 ప్రాంతంలో ప్లేగుతో అల్లాడింది. మరుసటి ఏడు, 1912లో నగర అభివృద్ధి బోర్డు పుట్టింది. 1908 మూసీ వరదా ఈ ప్లేగూ కలిసి తెచ్చిన బోర్డు అది. ఇరుకు బస్తీలు పడగొట్టి వీధులు వెడల్పు చేశారు. పల్లెలకు అటువంటి బోర్డు రాలేదు.

మందుల యుగం నిజానికి ఆ ప్లేగు తరవాతే మొదలైంది. ఎలుకపాషాణం అంతకుముందూ ఉంది, పచారీ కొట్లో పొట్లం కట్టి ఇచ్చేవారు, దానితో ఎలుకలకంటే ఎక్కువ అపాయం ఇంట్లోవాళ్లకే. తరవాత జింక్ ఫాస్ఫైడ్ వచ్చింది. నల్లటి పొడి, వెల్లుల్లి వాసన. కడుపులో పడగానే విషవాయువు పుట్టించి కొన్ని గంటల్లో చంపుతుంది. ఆ వేగమే దాని లోపం. ఒక ఎలుక కాస్త రుచి చూసి కడుపునొప్పితో బయటపడిందంటే, ఆ తిండిని మళ్లీ ముట్టదు. అందుకే మందు కలపని నూకలు రెండు మూడు రోజులు ముందుగా అలవాటు చేసి, ఆ తరవాతే మందు పెట్టమంటారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు అన్న పద్దు వ్యవసాయ కరపత్రాల్లో వరసగా వచ్చేది. అలవాటు చేసే ఓపిక ఎంతమందికి? ఒక్క రాత్రి మందు పెట్టి, నాలుగు చస్తే సంతోషించి, మిగిలిన నలభైకి పాఠం చెప్పి పంపిన ఇళ్లే ఎక్కువ.

నిదానంగా చంపే మందు దొరికిన తీరు వింతగా ఉంటుంది. 1920లలో ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం గడ్డకట్టక చచ్చిపోయాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. ఆ దారిలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. తరవాత గుండెజబ్బుల వార్డుల్లో మనుషుల మందుగానూ స్థిరపడింది. ఎలుక రోజుల తరబడి తింటూ, తిన్నదానికీ చావుకీ సంబంధం తెలుసుకోలేకపోతుంది. కాని 1958కల్లా స్కాట్లండులో వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు తేలాయి. దానికి జవాబుగా వచ్చిన రెండోతరం మందుల్లో బ్రోమాడియోలోన్ మన దగ్గరికి 1980 దశకం చివర్లో చేరింది. ఒక్కసారి తిన్నా చాలు, చావు మాత్రం నాలుగైదు రోజులు పోయాక.

గోదావరి జిల్లాల్లో ఈ మందుతో ఊరూరా సామూహికంగా ఎలుకల నిర్మూలన నడిపారు. మార్టేరు వరి పరిశోధనా స్థానం, దేశవ్యాప్త ఎలుకల పరిశోధనా పథకంలో ఒక కేంద్రంగా, ఈ పనికి ఆధారం. 1966లో రాజేంద్రనగర్‌లో పుట్టి, 2008లో జాతీయ సస్యారోగ్య యాజమాన్య సంస్థగా మారిన శిక్షణాలయమూ ఈ విద్య నేర్పుతోంది. వాళ్లు నేర్పిన పద్ధతి చూడండి. మొదటిరోజు గట్ల మీద కనబడ్డ కలుగులన్నీ మట్టితో మూయాలి. రెండోరోజు తెరుచుకున్నవాటిలోనే మందు పొట్లం వేయాలి. పంట చిరుపొట్టకు రాకముందే, పొలంలో వేరే తిండి లేనప్పుడే, ఊరంతా ఒకేరోజు చేయాలి. ఒక్కడే చేస్తే పక్కచేలో ఎలుకలు ఖాళీ అయిన కలుగుల్లోకి గృహప్రవేశం చేస్తాయి. మట్టి చూసి బతికున్న కలుగును పట్టడం యానాది విద్యే. శాస్త్రం దానికి మందూ తేదీ జతచేసింది.

ఇంటి దగ్గర ఈ క్రమశిక్షణ నిలవలేదు. పొట్లం చవక, పైగా చేతికందేది. గంపలో కోడిపిల్లలూ చూరు కింద పిల్లీ ఉన్న ఆవరణలో విడిగా చల్లిన మందు ఎలుక దగ్గర ఆగదు. మందు తిని మత్తుగా తూలే ఎలుకను పట్టిన పిల్లీ గుడ్లగూబా అదే దారి పడతాయి. కౌటిల్యుడు జరిమానా వేసిన పనిని మనం కొట్లో కొనుక్కొచ్చి చేస్తున్నాం. గుడ్లగూబను అపశకునమని తరిమే ఊళ్లు ఎటూ ఉన్నాయి. ఎలుకల మందు అన్న మాట మన పత్రికల్లో ఎలుకల వార్తల్లోకంటే మనుషుల విషాదాల్లోనే ఎక్కువగా కనబడుతుంది. పచ్చభాస్వరం కలిసిన పేస్టుకు సరైన విరుగుడు మందే లేదు. అలాంటిది పల్లె ఇంటి గూట్లో అగ్గిపెట్టె పక్కన ఉండకూడదని నేనైతే ఖరాఖండీగా చెబుతాను. కలుగుల్లో వేసే ఫాస్ఫైడ్ మాత్రల వాయువు గోడల సందుల్లోంచి పడకగదిలోకి పాకుతుంది, మనుషులుండే కప్పు కింద దాని ఊసే వద్దు. జిగురు అట్టల మీద అతుక్కుని గంటల తరబడి కొట్టుకునే చావు చూడలేని వాళ్లకు, చేత్తో ఎత్తి పారేసేంత తేలికైన పాత మీటబోను ఉండనే ఉంది. దానికి అమెరికాలో 1894లో హుకర్ అనే ఆయన పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ మార్పేమీ లేకుండా పనిచేస్తోంది. చిట్టెలుకకు అదే చాలు. గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడ వైపుకు పెట్టాలి, ఒకటి కాకుండా నాలుగైదు పెట్టాలి. కాల్చిన కొబ్బరో, మెత్తళ్లో, ఉల్లి పకోడీ ముక్కో, ఎర విషయంలో ఒక్కో ఇంటిది ఒక్కో సిద్ధాంతం.

ఇంతలో ఇల్లే మారిపోయింది. 1960లలో ప్రభుత్వం ధాన్య సంరక్షణ ఉద్యమం నడిపింది. హాపూర్‌లోని ధాన్య నిల్వ సంస్థ రేకు గుమ్ములు తయారుచేసింది, బాపట్లలో దాని శాఖ ఉండేది. రేకు గుమ్మి గాదెకు సరైన వారసుడే, కాళ్ల మీద నిలబడుతుంది, పళ్లకు లొంగదు. కానీ పల్లెకు ఎక్కువగా చేరింది గోనె సంచి, ఆ తరవాత ప్లాస్టిక్ సంచి. రెండూ ఎలుకకు ఒక్క రాత్రి పని. గాదె పీకేసిన చోట సిమెంటు గచ్చు వచ్చింది, దాని మీద గోడకు ఆనించి బస్తాల దొంతర వచ్చింది. దొంతర వెనక చీకటి, అడుగున వెచ్చదనం, చేతికందే దూరంలో తిండి. గచ్చు ఇంటికి ఎలుకలు రావనుకున్నారు. తూము గొట్టం పక్కన వదిలేసిన సందు, షట్టరు కింద వేలెడు ఖాళీ, రేకుల కప్పుకూ గోడకూ మధ్య వెలుతురు పడే చోటు, వీటిని కట్టేటప్పుడు మేస్త్రీ అడగడు, యజమాని చూడడు. అలికే నేల పోవడంతో కన్నాన్ని రోజూ చూసే కళ్లూ పోయాయి.

గింజ వదిలేసిన ఇల్లు ఏమవుతుందో 1993 తరవాత దక్కన్ చూసింది. ఆ సెప్టెంబరు 30న కిల్లారి భూకంపం లాతూరు, ఉస్మానాబాద్ పల్లెల్ని నేలమట్టం చేసింది. ఒకప్పటి నిజాం రాజ్యపు ఊళ్లే అవి. బీటలువారిన ఇళ్లలోకి పోవడానికి భయపడి జనం గింజ లోపలే వదిలి బయట గుడిసెల్లో ఉన్నారు. మరుసటి ఆగస్టులో పొరుగున బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు కనబడింది, సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ జనం ఊరు వదిలి పారిపోయారు. మనుషుల్లేని ఇళ్లలో గింజ తిని ఎలుకలు పెరగడమే మామ్లా ప్లేగుకు దారితీసి ఉండొచ్చని అప్పట్లో నిపుణులు అన్నారు. ప్లేగు మళ్లీ అంతగా రాలేదు. బురదలో పనిచేసే వాళ్లకు ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్, పొదల్లో ఎలుకల మీద పెరిగే నల్లుల్లాంటి పురుగులనుంచి స్క్రబ్ టైఫస్ మాత్రం వస్తూనే ఉన్నాయి. జ్వరంతోపాటు ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లమచ్చ కనబడితే డాక్టరుకు చూపించమని చెప్పడానికి ఇదే సందర్భం.

ఇప్పుడు డెల్టాలో కోతయంత్రం కోసిన వడ్లు చేలోంచే లారీ ఎక్కుతున్నాయి. చాలా ఇళ్లలో తిండిగింజ తప్ప నిల్వ లేదు. ఎలుకకు ఉపవాసమే అనుకుంటే పొరపాటు. గింజ ఇంటినుంచి పాకలకు మారింది. పాడి గేదెల దాణా బస్తాలు కొట్టంలో, కోళ్ల మేత షెడ్డులో, భీమవరం, కైకలూరు వైపు చేపల మేత చెరువుగట్టు మీది గుడిసెలో ఉంటున్నాయి. ఈ మేతల్లో మాంసకృత్తులు ఎక్కువ, వడ్లకంటే బలమైన తిండి. పశ్చిమ గోదావరి కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసిన కోకో కాయలకు చిల్లు పెట్టి తీపి గుజ్జు తినడం నేర్చాయి. కొబ్బరిచెట్టు మొదలుకు రేకుపట్టీ చుడితే ఎక్కలేవు గాని, మట్టలు మట్టలు తగిలేలా నాటిన తోటలో రేకు ఉన్న చెట్టుకు లేని చెట్టు మీంచి వస్తాయి. షెడ్డులో నిలిపిన ట్రాక్టరు వైర్లు, బోరుమోటారు స్టార్టరు పెట్టె, ఇవి తిండి కోసం కాదు, జీవితాంతం పెరిగే పళ్లను అరగదీసుకోవడానికి.

కొట్టం చుట్టూ ఒక బార మేర గడ్డీ పుల్లలూ లేకుండా బోసిగా ఉంచండి, ఎలుక ఆ ఖాళీ దాటడానికి జంకుతుంది. గడ్డివామిని ఇంటికి దూరంగా, వీలైతే మంచె మీద వేయండి. దాణాను మూతబిగిసే రేకు డబ్బాల్లోకి మార్చండి. లేదా బస్తాలను గోడకు రెండడుగులు ఎడంగా, చెక్కదిమ్మెల మీద పేర్చండి, అడుగున చీపురు ఆడాలి. రాత్రి తొట్లో మేత మిగల్చకండి. తలుపు అడుగున జానెడు రేకు కొట్టండి, కిటికీకి పావంగుళంకంటే చిన్న కన్నున్న జాలీ బిగించండి. దారి ఎటో తెలియకపోతే గోడవార బూడిద చల్లి తెల్లారి అడుగులు చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలినవాటికే బోనూ, తప్పనిసరైతే పిల్లలకూ కోళ్లకూ అందని డబ్బాలో మందూ.

కొత్తగా కోళ్ల షెడ్డో దాణా గదో కట్టేవాళ్లు పునాది వెంట రెండడుగుల లోతున గట్టి ఇనుపజాలీ దించి, దాని కింది అంచును అడుగు మేర బయటివైపుకు మడిచి పూడ్చాలి. తవ్వుకుంటూ వచ్చిన పందికొక్కు జాలీ తగిలితే అక్కడే ఇంకా కిందికి తవ్వుతుంది గాని, వెనక్కి జరిగి మడత దాటి రావాలని దానికి తోచదు. కట్టేటప్పుడైతే జాలీ ఖర్చుతో పోతుంది, కట్టాక అయితే గచ్చు పగలగొట్టాలి.